మొక్క సారం మలేరియా పారసైట్‌ను ఆపుతోందా? ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతి, మెట్టు మెట్టుగా

తిరుపతిలో బోటనీ, బయోకెమిస్ట్రీ, ఫార్మసీ చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సారం తీసేశాం, ఫైటోకెమికల్ పరీక్షలూ అయిపోయాయి. ఇప్పుడు మలేరియా మీద పనిచేస్తుందో లేదో చూడాలి. ఎలా?" శేషాచలం కొండల పక్కన ఉంటూ మొక్కల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. సాక్స్‌లెట్ (ద్రావకాన్ని మరిగించి సారం తీసే గాజు పరికరం) పెట్టడం రానివాళ్లూ లేరు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఎందుకంటే మలేరియా పారసైట్ బ్యాక్టీరియాలాగా అగర్ ప్లేటు మీద పెరగదు. దానికి బతికున్న ఎర్ర రక్తకణాలు కావాలి, ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలి కావాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి.

ఇక్కడ చెప్పేది సైబర్ గ్రీన్ పద్ధతి. డీఎన్ఏకు అతుక్కుని మెరిసే రంగుతో పారసైట్ ఎంత పెరిగిందో చూస్తాం. రేడియోధార్మిక పదార్థం అక్కర్లేదు, ఖర్చు తక్కువ, 96 వెల్ ప్లేటులో (96 చిన్న గుంటలున్న ప్లేటు) అయిపోతుంది. ప్రత్యామ్నాయాలు చివర్లో ఉన్నాయి. ఒక్క షరతు మాత్రం ముందే చెబుతున్నా: క్లోరోక్విన్‌తో ప్లేటు పెట్టి, దానికి రావాల్సిన సంఖ్య వచ్చేదాకా మీ సారం సీసా మూత తీయకండి. తెలిసిన మందుకే సరైన జవాబు ఇవ్వని ప్లేటు, తెలియని సారం గురించి ఏం చెప్పినా నమ్మలేం.

ముందు అనుమతులు

ఇది ఇంట్లోనో మామూలు క్లాస్ ల్యాబ్‌లోనో చేసే పని కాదు. బయోసేఫ్టీ రెండో స్థాయి ల్యాబ్ ఉండాలి, సంస్థ బయోసేఫ్టీ కమిటీకి తెలియాలి. మనిషి రక్తం వాడుతున్నారు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు బ్లడ్ బ్యాంకులున్నాయి కదా అని కాగితం లేకుండా వెళ్లి సంచి అడగకండి. ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

మొక్కను రిజర్వు అడవి నుంచి తెస్తుంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. బోటనీ విభాగంలో మొక్కను గుర్తింపజేసి, హెర్బేరియం షీటు నంబరు రాయించుకోండి. ఎర్రచందనం జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. కొండదారి చెక్‌పోస్టులో మీ బ్యాగులో చెక్కముక్క దొరికితే అది పీహెచ్‌డీ శాంపిల్ అని చెప్పినా వినేవాళ్లుండరు.

ఏమేం కావాలి

- మలేరియా పారసైట్ ప్లాస్మోడియం ఫాల్సిపేరం, 3డీ7 స్ట్రెయిన్. ఇది క్లోరోక్విన్‌కు లొంగుతుంది. కుదిరితే లొంగని స్ట్రెయిన్ ఒకటి, డీడీ2 లేదా కే1. ఢిల్లీలోని జాతీయ మలేరియా పరిశోధన సంస్థకు పారసైట్ బ్యాంకు ఉంది. అమెరికాలోని బీఈఐ రిసోర్సెస్ కూడా స్ట్రెయిన్లు ఇస్తుంది.
- ఓ పాజిటివ్ రక్తం. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అయినదై ఉండాలి.
- మీడియం, లీటరుకు: ఆర్‌పీఎంఐ 1640 పొడి, హెపీస్ 25 మిల్లీమోలార్, గ్లూకోజ్ 2 గ్రాములు, హైపోక్సాంథిన్ 50 మిల్లీగ్రాములు, సోడియం బైకార్బొనేట్ 2 గ్రాములు, ఆల్బుమాక్స్-2 (సీరం బదులు వాడే ప్రోటీన్ పొడి) 5 గ్రాములు, జెంటామైసిన్. పీహెచ్ 7.4. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి.
- 5 శాతం సార్బిటాల్ ద్రావణం, మిథనాల్, జీమ్సా రంగు.
- క్లోరోక్విన్ డైఫాస్ఫేట్ పొడి, డీఎంఎస్ఓ (సారాన్ని కరిగించే ద్రావకం).
- సైబర్ గ్రీన్-1. సీసా 10,000 రెట్ల గాఢతలో వస్తుంది.
- లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం): ట్రిస్ 20 మిల్లీమోలార్ (పీహెచ్ 7.5), ఈడీటీఏ 5 మిల్లీమోలార్, సాపొనిన్ 0.008 శాతం, ట్రైటాన్ ఎక్స్-100 0.08 శాతం.
- క్లాస్-2 బయోసేఫ్టీ క్యాబినెట్, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, సెంట్రిఫ్యూజ్, 100 రెట్ల ఆయిల్ లెన్సున్న మైక్రోస్కోపు, ఫ్లోరెసెన్స్ ప్లేట్ రీడర్.

హైపోక్సాంథిన్ నీళ్లలో సరిగా కరగదు. కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో విడిగా కరిగించి కలపండి. చాలామంది పొడిని నేరుగా మీడియంలో వేసి, కరగని పొడిని ఫిల్టర్‌లో పోగొట్టుకుంటారు. ఆ తర్వాత పారసైట్ ఎందుకు పెరగడం లేదని టెన్షన్ పడతారు.

రక్తం గురించి రెండు మాటలు. సంచి నుంచి తీసిన రక్తాన్ని ఆల్బుమాక్స్ కలపని మీడియంతో మూడుసార్లు కడిగి, పైన తేలే తెల్లటి పొరను ప్రతిసారీ పూర్తిగా తీసేయండి. ఆ పొరలో ఉండేవి తెల్ల రక్తకణాలు, వాటిలో డీఎన్ఏ ఉంటుంది. ముదిరిన ఎర్రకణంలో డీఎన్ఏ ఉండదు. అందుకే ఈ పద్ధతిలో కనిపించే మెరుపంతా పారసైట్‌దేనని లెక్క వేస్తాం. తెల్లకణాలు మిగిలితే ఆ లెక్క తప్పుతుంది. ఇక కొందరి రక్తంలో పారసైట్ సరిగా పెరగదు. దాతకు జీ6పీడీ లోపమో సికిల్ సెల్ లక్షణమో ఉండొచ్చు, లేదా ఆ మధ్యే యాంటీబయాటిక్ వాడి ఉండొచ్చు. కొత్త సంచి తెరిచాక కల్చర్ నీరసిస్తే మీడియాన్ని అనుమానించే ముందు రక్తం మార్చి చూడండి.

1. సారం సిద్ధం చేయండి

ఇక్కడే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. గంటల తరబడి సాక్స్‌లెట్‌లో మరిగించడం అలవాటైపోయింది కాబట్టి అందరూ అదే చేస్తారు. చైనాలో తూ యూయూ బృందానికి ఆర్టిమీసియా మొక్క మొదట్లో నిలకడగా ఫలితం ఇవ్వలేదు. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీయడం మొదలుపెట్టాక, 1971లో అదే మొక్క ఎలుకల్లో మలేరియాను అణిచేసింది. ఆ పనికి 2015లో నోబెల్ వచ్చింది. కాబట్టి కనీసం ఒక శాంపిల్‌నైనా గది ఉష్ణోగ్రతలో నానబెట్టి తీయండి, రెండింటినీ పోల్చండి. ఎండబెట్టడం కూడా నీడలోనే. మే నెల తిరుపతి ఎండలో మేడ మీద ఆరబెడితే దాన్నీ ఉడకబెట్టినట్టే లెక్క.

ద్రావకం పూర్తిగా ఆవిరైపోయాక సారాన్ని తూచి, డీఎంఎస్ఓలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉండేలా కరిగించండి. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి. డీఎంఎస్ఓ ద్రావణాన్ని సెల్యులోజ్ ఫిల్టర్‌లో వడకట్టకండి, పొర పాడవుతుంది.

నీటి సారమైతే డీఎంఎస్ఓ బదులు నీళ్లలోనే కరిగించి, అప్పుడు మాత్రం ఫిల్టర్ చేయండి.

2. పారసైట్‌ను పెంచండి

మలేరియా దోమల్లో ఉంటుందని 1897లోనే సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ చూపించాడు. కానీ ఫాల్సిపేరంను సీసాలో ఆగకుండా పెంచడం 1976లో ట్రేగర్, జెన్సెన్‌లు దారి చూపించేదాకా కుదరలేదు. మనం ఇప్పటికీ చేసేది దాదాపు వాళ్ల పద్ధతే. వైవాక్స్ అనే మరో మలేరియా పారసైట్‌తో ఈ పరీక్ష పెట్టాలనుకోకండి. అది లేత ఎర్రకణాల్లోకే దూరుతుంది, దాన్ని ఇలా మామూలుగా పెంచలేం.

గడ్డకట్టించి వచ్చిన వయల్‌ను 37 డిగ్రీల్లో కరిగించి, 12 శాతం ఉప్పు ద్రావణాన్ని చుక్క చుక్కగా వేయండి. తర్వాత 1.6 శాతం ద్రావణం, ఆ తర్వాత మీడియం. తొందరపడితే కణాలు పగిలి ట్యూబంతా ఎర్రబడుతుంది.

కణాల పాళ్లు (మొత్తం ద్రవంలో ఎర్రకణాల వాటా) 2 నుంచి 4 శాతం మధ్య ఉంచండి. మీడియం రోజూ మార్చండి. గాలిలో 5 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్ ఉంటే మంచిది.

అలాంటి సిలిండర్ లేకపోతే క్యాండిల్ జార్ చాలు. గాజు డెసికేటర్‌లో ఫ్లాస్కులు పెట్టి, వాసన లేని మామూలు తెల్ల కొవ్వొత్తి వెలిగించి, అంచుకు గ్రీజు రాసి, మూత మీది కొళాయి తెరిచి ఉంచి మూయండి. మంట కొండెక్కబోతుండగా కొళాయి కట్టేయండి. ఇది ట్రేగర్, జెన్సెన్‌లు వాడిన ఉపాయమే, చిన్నతనంగా అనుకోవాల్సిన పని లేదు. ఫ్లాస్కు మూతలు కొంచెం వదులుగా ఉన్నాయో లేదో మాత్రం చూడండి. బిగించిన ఫ్లాస్కును క్యాండిల్ జార్‌లో పెట్టి లాభం లేదు.

హెచ్చరిక: ఇంక్యుబేటర్ డిస్‌ప్లేలో కనిపించే అంకెను నమ్మకండి. లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి. కరెంటు పోయి కొన్ని గంటలు చల్లబడితే పారసైట్ నెమ్మదిస్తుంది, వెంటనే చావదు. వేడెక్కితే మాత్రం ప్రమాదం. 40 డిగ్రీలు దాటితే ముదురు దశలు దెబ్బతింటాయి. వేసవిలో ఏసీ లేని గదిలో పాత ఇంక్యుబేటర్ 37 దగ్గర ఆగుతుందో లేదో ముందే చూసుకోండి.

3. స్మియర్ చూడడం నేర్చుకోండి

పలుచటి స్మియర్ (గాజు స్లైడు మీద పూసిన రక్తం), మిథనాల్‌లో అర నిమిషం, 10 శాతం జీమ్సాలో 15 నిమిషాలు, కడిగి ఆరబెట్టి ఆయిల్ లెన్సు కింద. కనీసం 1,000 ఎర్రకణాలు లెక్కపెట్టి, అందులో ఎన్నింటిలో పారసైట్ ఉందో శాతంలో రాయండి.

రెండు పొరపాట్లు అందరూ చేస్తారు. ఒకటి, రంగు గడ్డలను రింగులుగా (లేత పారసైట్‌లుగా) లెక్కపెట్టడం. రింగుకు నీలం వలయం, ఎర్ర చుక్క రెండూ ఉండాలి. ఫోకస్ కొంచెం పైకీ కిందికీ తిప్పండి. కణం ఒక ఎత్తులో, చుక్క మరో ఎత్తులో కనిపిస్తే అది పైన పడ్డ రంగే. రెండోది, ముడుచుకుపోయి ముదురు చుక్కలా మిగిలిన చచ్చిన పారసైట్‌లను బతికున్నవాటిలో కలపడం. స్మియర్‌లో అలాంటివే ఎక్కువ ఉంటే ఆ కల్చర్‌తో పరీక్ష పెట్టకండి. రెండు మూడు చక్రాలు (రింగు నుంచి మళ్లీ రింగు దాకా ఒక చక్రం) కోలుకోనివ్వండి.

4. వయసు ఒకటి చేయండి

ఒకే ఫ్లాస్కులో రింగులు (లేత దశ), ట్రోఫోజోయిట్లు (మధ్య దశ), షైజాంట్లు (విభజన జరిగే ముదురు దశ) కలిసి ఉంటే మందు దేన్ని ఆపిందో తెలియదు. రింగులు ఎక్కువ ఉన్న సమయంలో కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన కణాలకు ఐదు నుంచి పది రెట్లు 5 శాతం సార్బిటాల్ కలిపి, 37 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచండి. ముదిరిన పారసైట్ ఉన్న కణాలు సార్బిటాల్‌ను లోపలికి పీల్చుకుని పగిలిపోతాయి. రింగులున్న కణాలు, పారసైట్ లేని ఖాళీ కణాలు మిగులుతాయి. కడిగి మళ్లీ మీడియంలో వేయండి. ఇది 1979 నాటి లాంబ్రోస్, వాండర్‌బర్గ్ పద్ధతి. పరీక్షకు ముందు చక్రంలో ఒకసారి, పరీక్ష రోజు ఒకసారి చేస్తే సరిపోతుంది.

సార్బిటాల్‌ను నీళ్లలో కరిగించాలి, మీడియంలో కాదు.

5. మందు ప్లేటు వేయండి

96 వెల్ ప్లేటులో చుట్టూ ఉన్న అంచు వెల్స్‌లో ఏ పరీక్షా పెట్టకండి. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది, సంఖ్యలు ఊగుతాయి. వాటిలో ఒట్టి మీడియం పోయండి. లోపల మిగిలినవి 60. ఇలా పంచండి:

- బీ, సీ, డీ అడ్డ వరసలు: క్లోరోక్విన్.
- ఈ, ఎఫ్, జీ అడ్డ వరసలు: మీ సారం.
- 2 నుంచి 9 నిలువు వరసలు: ఎనిమిది గాఢతలు, ఎక్కువ నుంచి తక్కువకు.
- 10వ నిలువు వరస: మందు లేదు, పారసైట్ ఉంది. సారం వరసల్లో ఎంత డీఎంఎస్ఓ ఉంటుందో ఇక్కడా అంతే.
- 11వ నిలువు వరస: పారసైట్ లేని ఎర్రకణాలు.

ప్రతి వెల్‌లో చివరికి 200 మైక్రోలీటర్లు: 100 మందు, 100 పారసైట్. కాబట్టి మందును కావాల్సినదానికి రెట్టింపు గాఢతలో వేయాలి. ఈ రెట్టింపు మరిచిపోతే ఐసీ50 (పెరుగుదలను సగానికి తగ్గించే గాఢత) సరిగ్గా రెండు రెట్లు తప్పుతుంది, అనుమానం కూడా రాదు.

క్లోరోక్విన్: 5.16 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు నీళ్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్. దాన్ని మీడియంలో 1,000 రెట్లు పలుచన చేస్తే 10 మైక్రోమోలార్. అందులో 50 మైక్రోలీటర్లకు 950 మీడియం కలిపితే 500 నానోమోలార్. ఇది 2వ నిలువు వరసకు. పారసైట్ కలిశాక 250 అవుతుంది. సగం సగం చేసుకుంటూ పోతే 125, 62.5, 31.3... చివర్లో 2 దగ్గరికి వస్తుంది. 3డీ7కు ఈ పరిధి సరిపోతుంది. డీడీ2, కే1లకు పైనుంచి 2,000 నానోమోలార్‌తో మొదలుపెట్టండి.

సారం: స్టాక్ 2 మైక్రోలీటర్లు, మీడియం 998. మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు, చివరికి 100. డీఎంఎస్ఓ చివరికి 0.1 శాతం. 0.5 దాటనివ్వకండి.

పలుచన చేసే తీరు: 2వ వరసలో 200 మైక్రోలీటర్లు మందు, 3 నుంచి 9 దాకా 100 చొప్పున మీడియం. 2 నుంచి 100 తీసి 3లో వేసి కలపండి, 3 నుంచి 4లోకి, అలా 9 దాకా. 9లోంచి చివరి 100 పారేయండి. ప్రతి అడుగుకీ టిప్ మార్చండి. టిప్పులు మిగుల్చుకోవాలని ఒకటే వాడితే, దాని గోడకు అంటిన మందు చివరి వెల్ దాకా ప్రయాణిస్తుంది. అప్పుడు మీ మందు ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. పలుచన చేసే మీడియంలో కూడా అదే పాళ్లలో డీఎంఎస్ఓ ఉండాలి.

సారం మీడియంలో పడగానే పాలలా తెల్లబడితే అది కరగడం లేదని అర్థం. అలాగే ముందుకు వెళ్లకండి. పై గాఢతను తగ్గించుకోండి.

6. పారసైట్ కలపండి

కావాల్సింది: 4 శాతం కణాలు, వాటిలో 1 శాతానికి పారసైట్. 10 మిల్లీలీటర్లు చేయాలంటే 400 మైక్రోలీటర్ల గట్టి కణాలు (సెంట్రిఫ్యూజ్‌లో అడుగున చేరినవి), 9.6 మిల్లీలీటర్ల మీడియం. మీ కల్చర్‌లో పారసైట్ 5 శాతం ఉంటే, అందులోంచి 80 మైక్రోలీటర్ల గట్టి కణాలు తీసి 320 మైక్రోలీటర్ల కొత్త కణాలు కలపండి.

ఇక్కడొక పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మందుతో సగానికి సగం కలుస్తుంది కాబట్టి పారసైట్ శాతం కూడా సగమవుతుందని 2 శాతంతో మొదలుపెడతారు. అలా కాదు. మీడియం కలిపితే సగమయ్యేది కణాల పాళ్లు, 4 నుంచి 2కి. వందలో ఎన్ని కణాలకు పారసైట్ ఉందన్నది మారదు. 2 శాతంతో మొదలుపెడితే మూడో రోజుకు మందు లేని వెల్స్‌లోనే ఆహారం అయిపోయి, పుల్లబడి, పారసైట్‌లు తమంతట తామే చస్తాయి.

కణాలు క్షణాల్లో అడుగుకు దిగిపోతాయి. ప్రతి వరసకూ ముందు ట్యూబును మెల్లగా తిప్పండి. 11వ వరసలో ఖాళీ కణాలు, అవే పాళ్లలో, అదే సంచిలోవి వేయండి.

ఇదే పారసైట్ మిశ్రమంలోంచి కొన్ని వెల్స్ విడి ప్లేటులో వేసి వెంటనే మైనస్ 20లో పెట్టండి. దీన్ని సున్నా గంట ప్లేటు అందాం. ఎందుకో తొమ్మిదో మెట్టులో తెలుస్తుంది.

7. 72 గంటలు

37 డిగ్రీల్లో, క్యాండిల్ జార్‌లోనో గ్యాస్ పెట్టెలోనో. పెట్టె అడుగున తడి టిష్యూ ఉంచండి. ఫాల్సిపేరం చక్రం 48 గంటలు. రింగులతో మొదలుపెడితే 72 గంటలకు రెండో చక్రంలో డీఎన్ఏ బాగా పెరిగిన దశకు వస్తాయి, మెరుపు స్పష్టంగా ఉంటుంది. మధ్యలో మీడియం మార్చకండి.

ముగింపులో ముందుగా 10వ వరస నుంచి ఒక వెల్ స్మియర్ చూడండి. పారసైట్ శాతం మొదటికన్నా కనీసం మూడు రెట్లు పెరగకపోతే ప్లేటు అక్కడే ఆపేయండి. సైబర్ గ్రీన్ ఖరీదైనది.

8. సైబర్ గ్రీన్ వేసి చదవండి

ప్లేటును మైనస్ 20లో గడ్డకట్టించి కరిగిస్తే కణాలు బాగా పగులుతాయి. ప్లేట్ రీడర్ మీ విభాగంలో లేకపోతే కూడా ఇదే వీలు. సీలు చేసి ఫ్రీజర్‌లో ఉంచి, రీడర్ దొరికిన రోజు చదవొచ్చు.

లైసిస్ బఫర్ ప్రతి మిల్లీలీటరుకూ 0.2 మైక్రోలీటరు సైబర్ గ్రీన్ కలపండి. నల్లటి ప్లేటులో 100 మైక్రోలీటర్ల కల్చర్‌కు 100 మైక్రోలీటర్ల ఈ బఫర్. బాగా కలిపి, చీకట్లో గంటసేపు. 485 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిచి 530 దగ్గర చదవండి. బుడగలుంటే సూదితో పొడవకండి, ప్లేటును కొద్దిసేపు సెంట్రిఫ్యూజ్ చేయండి. ఈ ల్యాబ్‌లో సూదులు ఎంత తక్కువుంటే అంత మంచిది. పొరపాటున గుచ్చుకుంటే రక్తం ద్వారా మలేరియా నేరుగా రావొచ్చు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి స్ట్రెయిన్ పేరు, అది ఏ మందుకు లొంగదో చెప్పండి.

9. లెక్క

ప్రతి వెల్ సంఖ్యలోంచి 11వ వరస సగటు తీసేయండి. 10వ వరస సగటులోంచి కూడా అదే తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 100తో గుణిస్తే పెరుగుదల శాతం. గాఢతను లాగరిథమ్‌లోకి మార్చి, నాలుగు పరామితుల వంపురేఖ గీసి, 50 శాతం దగ్గర గాఢత చూడండి. గ్రాఫ్‌ప్యాడ్ ప్రిజం వాడొచ్చు. కొనలేకపోతే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఆర్‌సీ ప్యాకేజీ ఉచితం. ఎక్సెల్‌లో సరళరేఖ గీసి ఐసీ50 తీయడం మానేయండి. గాఢత, ఫలితం మధ్య సంబంధం సరళరేఖ కాదు.

సున్నా గంట ప్లేటును కూడా ఇదే రోజు చదవండి. చచ్చిన పారసైట్‌లో కూడా డీఎన్ఏ కొంత మిగిలే ఉంటుంది, సైబర్ గ్రీన్‌కు బతుకూ చావూ తెలియదు. పై గాఢతల్లో మెరుపు సున్నా గంట స్థాయి దగ్గరే ఆగితే పారసైట్ ముందుకు కదల్లేదని అర్థం. సున్నాకు రాలేదు కాబట్టి మందు సగమే పనిచేసిందనుకోకండి.

10. నమ్మొచ్చా లేదా?

ఈ మూడూ వరసగా చూడండి. ఒక్కటి తప్పినా సారం వరసల వైపు చూడొద్దు.

మొదటిది క్లోరోక్విన్. 3డీ7లో ఐసీ50 సాధారణంగా 10 నుంచి 30 నానోమోలార్ మధ్య వస్తుంది. డీడీ2, కే1లలో 100 దాటుతుంది. 3డీ7లో 200 వచ్చిందంటే స్టాక్ పలుచనైపోయిందో, స్ట్రెయిన్లు కలిసిపోయాయో, లెక్క తప్పిందో. రెండు స్ట్రెయిన్లనూ ఒకే క్యాబినెట్‌లో ఒకే మీడియం సీసాతో చూసుకునేవాళ్లకు కలిసిపోవడం కొత్త కాదు.

రెండోది జెడ్ ప్రైమ్, అంటే ప్లేటు నాణ్యతను చెప్పే సంఖ్య. 10, 11 వరసల ప్రామాణిక విచలనాలను కూడి, 3తో గుణించి, రెండు సగటుల తేడాతో భాగించి, 1లోంచి తీసేయండి. 0.5 పైన ఉంటే ప్లేటు బాగున్నట్టు.

మూడోది కళ్లతో చూడడం. ఐసీ50 దగ్గరి వెల్ నుంచి ఒక స్మియర్ తీయండి. రీడర్ సగం అంటుంటే స్మియర్‌లో నిండుగా షైజాంట్లు కనిపిస్తే ఎక్కడో తేడా ఉంది.

సారాలతో వచ్చే చిక్కులు

శుద్ధమైన మందుతో ఇంత బాధ ఉండదు. మొక్క సారంతోనే ఉంటుంది.

*కుంకుడు రకం.* సాపొనిన్లు ఎక్కువున్న సారం ఎర్రకణాన్నే పగలగొడుతుంది. ఇల్లు కూల్చేస్తే లోపలున్న దొంగ కూడా పోతాడు, కానీ దాన్ని దొంగను పట్టుకోవడం అనరు. పరీక్ష: ఖాళీ కణాలకు అవే గాఢతల్లో సారం కలిపి 72 గంటలు ఉంచి, పైన తేరుకున్న ద్రవం ఎర్రబడిందేమో చూడండి. ఎర్రబడిన గాఢతలేవీ లెక్కలోకి రావు.

*పసుపు రకం.* కర్‌క్యుమిన్, బెర్బెరిన్ లాంటివి తమంతట తామే ఆకుపచ్చ పరిధిలో మెరుస్తాయి. సారం పనిచేస్తున్నా మెరుపు తగ్గనట్టు కనిపిస్తుంది. దీనికి భిన్నంగా ముదురు రంగు సారాలు మెరుపును మింగేసి, పనిచేయకపోయినా పనిచేసినట్టు చూపిస్తాయి. పరీక్ష: ఖాళీ కణాలు, సారం, సైబర్ గ్రీన్‌తో ఒక వరస, ఇంకొక వరసలో 10వ వరస కల్చర్‌కు చదివే ముందే సారం కలిపి. మొదటిది అదనపు మెరుపును, రెండోది మింగుడును చూపిస్తుంది. రంగు మరీ ఇబ్బంది పెడితే ఆ శాంపిల్‌కు స్మియర్ లెక్కే నయం.

*యాంటీబయాటిక్ రకం.* డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి మొదటి చక్రంలో పారసైట్‌ను పెద్దగా కదిలించవు, రెండో చక్రంలో చంపుతాయి. మీ సారంలో అలాంటిదేదో ఉందని అనుమానం వస్తే 96 గంటలు ఉంచి కూడా చూడండి.

*ఫోలేట్ రకం.* పిరిమెథమిన్, సల్ఫాడాక్సిన్ లాంటివి మామూలు ఆర్‌పీఎంఐలో బలహీనంగా కనిపిస్తాయి, మీడియంలోనే ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంటుంది కాబట్టి. వాటికి ఫోలేట్ తక్కువ మీడియం వాడాలి.

ఇవన్నీ దాటాక కూడా ఇంకొకటి ఉంది. మనిషి కణాలను చంపే విషం పారసైట్‌నూ చంపుతుంది. హెప్‌జీ2 (మనిషి కాలేయ కణాలు) లేదా వీరో (కోతి మూత్రపిండ కణాలు) మీద అదే సారానికి ఎంటీటీ పరీక్ష (ఎన్ని కణాలు బతికాయో రంగుతో చూసేది) చేసి, కణాలను సగం చంపే గాఢతను ఐసీ50తో భాగించండి. 10 కన్నా ఎక్కువ రాకపోతే ఆ సారం గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇన్ని సౌకర్యాలు లేకపోతే

ప్లేట్ రీడర్ లేదు, కల్చర్ ఉంది: రింగులతో మొదలుపెట్టి 24 నుంచి 30 గంటలకు ప్రతి వెల్ నుంచి స్మియర్ తీసి, 200 పారసైట్‌లలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ కేంద్రకాలున్న షైజాంట్లు ఎన్నో లెక్కపెట్టండి. మెడ నొప్పి ఖాయం. లెక్కపెట్టే మనిషికి ఏ స్లైడు ఏ గాఢతదో తెలియకూడదు.

మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది: పారసైట్ ఎంజైమ్ లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను రంగుతో కొలిచే పద్ధతి ఉంది. అందులోనూ రంగు సారాలతో జాగ్రత్త.

కల్చరే లేదు: బీటా హెమటిన్ పరీక్ష ఏ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లోనైనా అవుతుంది. పారసైట్ హిమోగ్లోబిన్‌ను తిన్నాక మిగిలే హీమ్‌ను స్ఫటికంగా మార్చి దాచుకుంటుంది, క్లోరోక్విన్ ఆ పనినే అడ్డుకుంటుంది. హెమిన్‌ను పీహెచ్ 5 ఎసిటేట్ బఫర్‌లో సారంతో కలిపి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. మిగిలిపోయిన హెమిన్‌ను డీఎంఎస్ఓతో కడిగేసి, అడుగున ఉన్న స్ఫటికాలను సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి 405 దగ్గర చదవండి. అయితే ఇది క్లోరోక్విన్ తరహా మందులనే పడుతుంది. ఇందులో ఫలితం వస్తే "హీమ్ స్ఫటికీకరణను అడ్డుకుంది" అని రాయండి, "మలేరియాను నయం చేస్తుంది" అని కాదు.

ఆర్టిమిసినిన్‌కు లొంగని పారసైట్‌ల సంగతి వేరు. వాటిని ఐసీ50 బయటపెట్టదు. 0 నుంచి 3 గంటల వయసున్న లేత రింగులకు 700 నానోమోలార్ డైహైడ్రో ఆర్టిమిసినిన్ ఆరు గంటలు ఇచ్చి, కడిగేసి, 72 గంటలకు ఎన్ని బతికాయో చూసే పరీక్ష విడిగా ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

పారేయడం, రాయడం

ద్రవాలన్నీ 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట. ప్లేట్లు, టిప్పులు 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ అయ్యాకే, టిప్పులు ఎర్ర సంచిలోకి, కల్చర్ ప్లేట్లు పసుపు సంచిలోకి. రక్తం సంచులు పసుపు సంచిలోకి. హైపోక్లోరైట్ పోసినవాటిని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

థీసిస్‌లో స్ట్రెయిన్ పేరు, మొదటి పారసైట్ శాతం, కణాల పాళ్లు, గంటలు, డీఎంఎస్ఓ శాతం, అదే రోజు వచ్చిన క్లోరోక్విన్ ఐసీ50 తప్పకుండా రాయండి. ఒకే ప్లేటులో మూడు వెల్స్ పెట్టి మూడుసార్లు చేశామని రాయకూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కల్చర్‌లతో మూడు ప్లేట్లుండాలి. ముడి సారానికి మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల లోపు వస్తే బాగా పనిచేసినట్టు, 50 దాటితే పనిచేయనట్టు సాధారణంగా తీసుకుంటారు. మీరు పెట్టిన పై గాఢత 100 దగ్గర కూడా పెరుగుదల సగానికి తగ్గకపోతే, సాఫ్ట్‌వేర్ గీత పొడిగించి 137.4 అని చూపించినా సరే, పట్టికలో "100 కన్నా ఎక్కువ" అనే రాయండి.